రెండో సాలు ఎక్కడిదాకా వచ్చింది?

"ఒక్క క్లిక్కండీ, అంతే. పిల్లలకి ఫారాలూ కిటికీలూ ఏమీ ఉండవు" అన్నాడాయన, అదేదో పెద్ద వరం ఇచ్చేస్తున్నట్టు.

మా విశ్వవిద్యాలయానికి కొత్త పోర్టల్ కట్టడానికి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరాయన. ఇక నుంచి పిల్లలు మైనర్లూ సర్టిఫికెట్ కోర్సులూ ఫోన్‌లోనే ఎంచుకుంటారు. చదివే అసలు సబ్జెక్టుకి తోడుగా ఇంకో శాఖలో ఐదు పేపర్లు చదివితే అది మైనరు, పట్టా మీద ఆ పేరు కూడా పడుతుంది. సర్టిఫికెట్ కోర్సులంటే చిన్నవి, ఒక్క సెమిస్టర్లో తేలిపోయేవి. ఎవరికి ఎన్ని పేపర్లు అయ్యాయో, ఎన్ని మిగిలాయో తెర మీద ఆకుపచ్చ గీత చూపిస్తుందట. నేను అకడమిక్ సెక్షన్‌లో డేటా చూసుకునే ఉద్యోగిని కాబట్టి, ఆ తెర మీద ఏయే గడులు ఉండాలో చెప్పే పని నా నెత్తిన పడింది.

"క్లిక్కు చేశాక వారం రోజులు ఆగాలండీ. ఆ తర్వాతే ఖాయం కావాలి" అన్నాను.

"ఎందుకు మేడమ్?"

"పిల్లలు ఇంటికెళ్ళి చెప్పి రావాలి. ఇంట్లో ఏమన్నారో రాయడానికి ఒక గడి కూడా ఉండాలి."

ఆయన నవ్వాడు. మీటింగులో పక్కనున్నవాళ్ళూ నవ్వారు. "చెప్పారో లేదో ఎవరు చూడొచ్చారు మేడమ్? అబద్ధం రాస్తే ఎవరు వెరిఫై చేస్తారు?" అన్నాడు. ఆ ప్రశ్న నన్నే అడిగినట్టుండి, ముందున్న కాగితాలు సర్దుకున్నాను.

సరిగ్గా అప్పుడే మా అటెండరు టీ కప్పులతో వచ్చి, నా దగ్గర వంగి మెల్లగా అన్నాడు. "పెన్సిల్ మేడం గారు పోయారంటమ్మా. మంగళగిరిలోనే. మొన్ననే అంతా అయిపోయిందంట, మనకి ఇవాళ తెలిసింది."

వారం రోజులు ఆగాలన్న రూలు నాది కాదు, ఆవిడది.

*

నేను ఇక్కడే చదువుకునే రోజుల్లో అకడమిక్ సెక్షన్లో మూడో కిటికీ ఆవిడది. రిటైరయ్యేదాకా ఆ కిటికీ వదల్లేదు. సూపరింటెండెంట్ అయ్యాక లోపల వేరే గదీ, ఫ్యానూ ఇస్తామంటే, "లోపల కూర్చుంటే పిల్లల మొహాలు కనపడవండీ" అని అక్కడే ఉండిపోయింది. రోజూ మంగళగిరి నుంచి బస్సులో వచ్చేది. మంగళగిరి నేత చీర, సన్నంచు, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన మడత. కొప్పులో ఎర్ర పెన్సిల్ ఒకటి గుచ్చి ఉండేది. పూలు పెట్టుకుని వచ్చిన రోజు కూడా ఆ పూల మధ్యలోంచి పెన్సిల్ మొన తొంగిచూసేది. అందుకే ఆ పేరు.

ఆవిడకి కంప్యూటరు రాదనుకునేవాళ్ళు. శుభ్రంగా వచ్చు. నమ్మకమే లేదు. లైబ్రరీవాళ్ళు పాత కార్డుల డ్రాయర్లు పారేస్తుంటే రెండు తెప్పించుకుని తన కుర్చీ పక్కన పెట్టించుకుంది. మైనరు తీసుకున్న ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఒక పసుపు కార్డు. సర్టిఫికెట్లకి తెల్ల కార్డు. పేరు తప్ప కార్డు మీద ఏం రాసినా ముందు పెన్సిల్‌తోనే. ఫలితాలు వచ్చాక, మార్కుల జాబితా తన కళ్ళతో చూసుకున్నాక, పెన్సిల్ గీతల మీద నీలం పెన్నుతో దిద్దేది. "సార్ పాస్ చేస్తానన్నారు మేడం" అన్నా, "నెట్లో పాసని వచ్చింది మేడం" అన్నా ఒకటే మాట: "నేను చూస్తేనే పెన్ను."

మైనరు ఫారం నింపి తీసుకెళ్తే ఎవరిదీ మొదటిసారి తీసుకునేది కాదు. చదవను కూడా చదవదు. చూపుడువేలు ఒక్కటి ఫారం అంచు మీద ఆనించి, కిటికీ కింద సందులోంచి అలా వెనక్కి నెట్టేసేది. ఆ వేలు నాకిప్పటికీ కళ్ళముందు కనపడుతుంది. గోరు చివర పెన్సిల్ నలుపు.

"ఇంట్లో చెప్పావా?"

"చెప్పానండి."

"ఏం చెప్పావు?"

దాంతో చాలామంది నీళ్ళు నమిలేవాళ్ళు. "మైనరంటే ఏమిటో, దానికి ఎన్ని రోజులు పోతాయో, దాంతో ఏమొస్తుందో, రాకపోతే ఏమవుతుందో మీ అమ్మకి అర్థమయ్యేలా చెప్పు. అమ్మ లేకపోతే నాన్నకి. వాళ్ళేమన్నారో ఆ మాట ఉన్నదున్నట్టు నాకు పట్టుకురా. వారం టైము. పో" అనేది. ఏ రూల్సు పుస్తకంలోనూ ఆ నిబంధన లేదు. అడిగేవాళ్ళు అడిగారు కూడా. ఒక ప్రొఫెసరు గారు కిటికీ దాకా వచ్చి, "ఏమండీ, మీ వల్ల నా మైనర్లో సీట్లు నిండట్లేదు" అని గొడవపెట్టుకుంటే, ఆవిడ తలెత్తకుండానే, "సగంలో వదిలేసి వెళ్ళేవాళ్ళతో నింపమంటారా అండీ?" అంది. ఆయన ఏదో గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. క్యూలో మేమంతా పళ్ళు బిగబట్టి నవ్వుకున్నాం.

మాట మాత్రం మహా కటువు. సర్టిఫికెట్ల పిచ్చోళ్ళంటే ఆవిడకి ఒళ్ళు మంట. ఒకతను ఒకే సెమిస్టర్లో నాలుగు సర్టిఫికెట్ కోర్సులకి ఫారాలు పట్టుకొస్తే, "నాయనా, ఇవి పెళ్ళి భోజనంలో స్వీట్లు కాదు, అన్నీ ఒక్కోటి వడ్డించుకోడానికి. ఏది తింటావో అది చెప్పు" అని మూడు వెనక్కి నెట్టేసింది. అతను మాత్రం ఆ ఒక్కటీ పూర్తి చేసి, సర్టిఫికెట్టు తెచ్చి కిటికీలోంచి ఆవిడకి చూపించి వెళ్ళాడు.

*

ఇక నా సంగతి.

మాది దర్శి దగ్గర పల్లె. మా అమ్మ మిరపకోతల ముఠాకి మేస్త్రి. పదిహేను ఇరవై మంది ఆడవాళ్ళని పొద్దున్నే లేపి ట్రాక్టరెక్కించి, ఏ చేలో ఎవరు ఏ సాలు పట్టాలో చెప్పి, అందరికంటే ముందు తన సాలు గట్టు దాకా తీసుకెళ్ళే మనిషి. మా ముఠావాళ్ళందరివీ చర్చికెళ్ళే కుటుంబాలు, ఆదివారం కోతకి పోరు. నాకు కాలేజీ శుక్రవారం దాకా. అంటే కోతల కాలంలో నేను అమ్మకి చేతికందే రోజు శనివారం ఒక్కటే. శుక్రవారం సాయంత్రం గుంటూరులో బస్సెక్కి, శనివారమంతా చేలో ఉండి, ఆదివారం ప్రార్థన అయ్యాక తిరిగి హాస్టలుకి వచ్చేదాన్ని. అమ్మకి నడుంనొప్పి. నేను వెళ్ళిన రోజు తన సాలు సగం నేను కోసేదాన్ని. ఆ ఒక్కరోజే ఆమె నడుం వాల్చేది.

నా మేజరు ఎకనామిక్సు. స్టాటిస్టిక్స్ మైనరు చెయ్యాలని ప్రాణం లాగేసింది. ఒక్క పేపరు చదివాను, అంతే, అంకెల్లో అంత రుచి ఉంటుందని అప్పటిదాకా తెలియదు. కానీ మైనరు క్లాసులు శనివారం. రెండేళ్ళ పాటు, ప్రతి శనివారం.

ఆవిడ నా ఫారం వెనక్కి నెట్టిన ఆ వారం నేను ఇంటికెళ్ళాను. నోరు తెరవలేకపోయాను. శనివారం చేలో అమ్మ పక్కసాలులోనే ఉన్నాను, చెప్పడానికి పొద్దంతా ఉంది. రెండుసార్లు "అమ్మా" అన్నాను కూడా. "ఏందే?" అని నడుం మీద చెయ్యేసుకుని అటు తిరిగింది. ఆ చెయ్యి చూశాను. "ఏం లేదులే" అన్నాను. చెప్తే వద్దంటుందని కాదు నా భయం. సరే అంటుందనే భయం.

సోమవారం మూడో కిటికీ దగ్గర నిలబడి పచ్చి అబద్ధం చెప్పాను.

"చెప్పావా?"

"చెప్పానండి."

"ఏమంది?"

బస్సులో వస్తూ వస్తూ అల్లుకున్న మాట అప్పజెప్పాను. "'రెండు సాళ్ళు పట్టుకున్నదానివి, రెండూ గట్టు దాకా తీసుకెళ్ళు, నడిమధ్యలో వదలబాక' అందండి."

ఆవిడ పెన్సిల్ కొప్పులోంచి తీసి, కార్డు వెనక్కి తిప్పి, ఆ మాట మెల్లగా రాసుకుంది. రాసి, కళ్ళజోడు పైనుంచి నా వైపు చాలాసేపు చూసింది. "మీ అమ్మ మేస్త్రీ కదూ?" అంది. ఫారంలో తల్లి వృత్తి అన్నచోట నేను రాశాను, అది చూసింది. "మంచి మాట" అని కార్డు డ్రాయర్లో పెట్టేసింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో అప్పుడు నాకే తెలియదు, ఇప్పుడు తెలుసు.

దేవుడి దయ అనుకున్నాను గానీ, ఆ తర్వాతి వారమే అమ్మ ఫోన్ చేసి, "ఇంక శనివారాలు రావాకే. ముఠాలో మనుషులు ఎక్కువైపోయారు, నువ్వొస్తే ఎవరో ఒకర్ని మానుకోమనాల. అక్కడే ఉండి చదువుకో" అంది. నేను నమ్మాను. నమ్మడానికి నాకు బాగుంది మరి!

*

అసలు శిక్ష ఆ తర్వాత మొదలైంది. నా అబద్ధం ఆవిడకి తెగ నచ్చేసింది.

ప్రతి సెమిస్టరు మొదట్లో మైనరు పిల్లలందరూ కిటికీ దగ్గరికి వచ్చి కార్డు చూపించుకుని వెళ్ళాలి, అదీ ఆవిడ పెట్టిందే. నేను కనపడగానే, "ఏమ్మా, రెండో సాలు ఎక్కడిదాకా వచ్చింది?" అనేది, క్యూ అంతా వినేలా. కొన్నాళ్ళకి ఆ మాట అందరికీ పాకింది. మైనరుని మైనరు అనడం మానేసింది ఆవిడ. చీరాల నుంచి వచ్చిన పిల్లకీ, సింగరాయకొండ నుంచి వచ్చిన పిల్లాడికీ, మిరపచేను మొహం చూడని గుంటూరు డాక్టరు గారమ్మాయికీ అదే ప్రశ్న. "రెండో సాలు ఎక్కడిదాకా వచ్చింది?" పైగా, "ఒక మేస్త్రి తల్లి చెప్పిన మాటర్రా ఇది, గుర్తుపెట్టుకోండి" అని నా వైపు చూపించేది. భూమి చీలిపోతే అందులోకి దూరిపోదామనిపించేది. మా అమ్మ అనని మాటకి మా అమ్మకి అంత గౌరవం వస్తుంటే ఏం చెయ్యను?

చెప్పేద్దామని రెండుమూడుసార్లు వెళ్ళాను. ఒకసారి మధ్యాహ్నం, క్యూ లేని టైములో. టిఫిన్ డబ్బాలోంచి పెరుగన్నం తింటోంది, మిరపకాయ నంజుకుంటూ. "కూర్చో. తిన్నావా?" అని ఇంకో ఊరమిరపకాయ డబ్బా మూత మీద పెట్టి నా వైపు జరిపింది. కిటికీలోంచి ఫారాన్ని నెట్టిన వేలే అది. మిరపకాయ తిన్నాను. నోరు మండింది. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు.

"ఏదో చెప్పాలని వచ్చావు" అంది.

"ఏం లేదండి."

"సరే. చెప్పాల్సిన చోట చెప్పు. ఇక్కడ కాకపోయినా పర్లేదు" అంది, మూత తుడుచుకుంటూ. ఆ మాట నాకు అప్పుడు సగమే వినపడింది.

ఆఖరి ఏడాది ఆవిడే లేకపోతే నా రెండేళ్ళ శనివారాలూ గంగలో కలిసేవి. కంప్యూటరులో నా మైనరు పేపర్లు ఐదూ పూర్తయ్యాయని ఆకుపచ్చ టిక్కు వచ్చేసింది. నేను హాయిగా తిరుగుతున్నాను. ఒకరోజు క్లాసులో ఉండగా అటెండరు వచ్చి, "నిన్ను పెన్సిల్ మేడం గారు రమ్మంటున్నారు, ఉన్నపళంగా" అన్నాడు. వెళ్ళేసరికి నా పసుపు కార్డు బల్ల మీద ఉంది. ఒక గీత మీద ఆవిడ వేలు.

"ఈ పేపరు ఏది?"

"క్వాంటిటేటివ్ మెథడ్స్ అండి."

"మీ ఎకనామిక్స్‌లో ఉందా లేదా?"

ఉంది. రెండిట్లోనూ ఉంది. మేజరు కింద లెక్కపెట్టిన పేపర్ని మైనరు కింద మళ్ళీ లెక్కపెట్టకూడదు, అది రూలు. కంప్యూటరు పట్టుకోలేదు, మా డిపార్ట్‌మెంటువాళ్ళు పట్టుకోలేదు, నేనూ పట్టుకోలేదు.

"ఒకే బస్తాని రెండు కాటాల మీద తూస్తావుటే? పట్టా రాసేటప్పుడు ఎవడో ఒకడు పట్టుకుంటాడు. అప్పుడు నీ మైనరు గాల్లో కలిసిపోతుంది. తెలుస్తోందా?" అని అరిచింది. ఆవిడ నన్ను అలా "ఏమే" అన్నట్టు మాట్లాడడం అదే మొదటిసారి. అవతల శనివారం పేపర్లకి నమోదు గడువు ఆ సాయంత్రంతో ఆఖరు. ఆవిడ కిటికీ మూసేసింది. పనివేళల్లో ఆ కిటికీ మూయగా ఎవరూ చూడలేదు. ఎండలో నన్ను వెంటబెట్టుకుని స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంటుకి నడిచింది. సీట్లు నిండిపోయాయన్నారు. "ఒక కుర్చీ నేనే మా సెక్షన్ నుంచి పంపిస్తానండీ, పిల్ల దాంట్లో కూర్చుంటుంది" అని అక్కడే నిలబడింది, హెడ్ గారు సంతకం పెట్టేదాకా. తిరిగొచ్చేటప్పుడు చెమటలు కారుతున్నాయి ఆవిడకి. "గట్టు కనపడుతుంటే వదిలేస్తావా తల్లీ?" అంది, ఈసారి నెమ్మదిగా. ఆ ఆఖరి పేపరు పాసయిన రోజు నా కళ్ళముందే నీలం పెన్నుతో దిద్దింది. ఇవాళ నేను చేస్తున్న ఈ ఉద్యోగం ఎకనామిక్స్‌తో వచ్చింది కాదు, ఆ మైనరు చూసి ఇచ్చింది.

పట్టాలిచ్చే రోజు అమ్మ వచ్చింది. "అమ్మొస్తే నా దగ్గరికి తీసుకురా" అని ఆవిడ ముందే ఆజ్ఞ వేసింది. ఎక్కడ ఆ రెండు సాళ్ళ మాట ఎత్తుతుందో, అమ్మ "నేనెప్పుడన్నానండీ?" అంటుందోనని చస్తూ తీసుకెళ్ళాను. ఇద్దరూ కిటికీకి ఇటూ అటూ నిలబడి ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అమ్మ కొంగులోంచి ఎండుమిరపకాయల మూట తీసి ఇచ్చింది. ఆవిడ ఒకటి విరిచి వాసన చూసి, "కాయ బాగుందమ్మా. నడుం ఎలా ఉంది?" అంది.

"ఉంది లెండి. మీ దయండి" అంది అమ్మ.

అంతే. సాళ్ళ ఊసే రాలేదు. బతికిపోయాననుకున్నాను. అమ్మ నడుంనొప్పి సంగతి ఆవిడకెలా తెలుసో అడగాలని నా మట్టిబుర్రకి తట్టలేదు.

*

మీటింగు అయిపోయింది. పాత మైనర్ల వివరాలన్నీ పోర్టల్లోకి ఎక్కించాలని తీర్మానించారు. ఆ పనీ నాదే. అటెండరు బీరువా తాళం తీసిచ్చాడు. ఆవిడ రిటైరైన రోజు తన చేత్తో సర్దిపెట్టి వెళ్ళిన డ్రాయర్లు రెండూ అందులోనే ఉన్నాయి. ఇన్నాళ్ళూ అదే గదిలో పనిచేస్తూ, ఒక్కసారి కూడా ఆ బీరువా తెరవలేదు నేను. నా అబద్ధం ఆవిడ దస్తూరీలో చూడాల్సి వస్తుందని.

అక్షరక్రమంలో నా కార్డు వెంటనే దొరికింది. ముందువైపు ఐదు పేపర్లు, ఐదిటి మీదా నీలం పెన్ను. వెనక్కి తిప్పాను.

నేనల్లిన మాట అలాగే ఉంది, పెన్సిల్‌తో. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాని మీద పెన్ను పెట్టలేదు ఆవిడ. దాని కింద మాత్రం నీలం పెన్నుతో నాలుగు వరుసలున్నాయి.

"తల్లికి ఫోన్ చేశాను. ఆమెకి ఏమీ తెలియదు. అర్థమయ్యేలా చెప్పాను. నడుంనొప్పి మనిషి. 'శనివారాలు నేను చూసుకుంటానండి, చదవనీండి. నాకు తెలుసని మాత్రం దానికి చెప్పబాకండి. అదే చెప్పాల' అంది."

ఆవిడ పాత కుర్చీలో కూర్చుండిపోయాను. ఎంతమందికి అలా ఫోన్లు చేసిందో! ఎవరు వెరిఫై చేస్తారు మేడమ్ అని అడిగాడు కదా ఇందాక ఆయన. వెరిఫై చేసింది. చేసి కూడా నన్ను దొంగని చెయ్యలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ అందరిముందూ ఆ మాట ఎత్తి, ఇంటికెళ్ళి చెప్పవే అని గుర్తుచేస్తూనే ఉంది. మంగళగిరి ఎంత దూరమని? వెళ్ళి కాళ్ళకి దండం పెట్టి రావలసింది. వెళ్ళలేదు.

ఫోన్ తీసి అమ్మకి చేశాను. కోతల కాలం, చేలో ఉంది. ముఠా ఆడవాళ్ళ మాటలు వినపడుతున్నాయి.

"ఏందే ఈ టైములో?"

"అమ్మా, పెన్సిల్ మేడం గారు పోయారు."

"అయ్యో, మా తల్లి" అంది. "ఎంత మంచి మనిషి! ప్రభువు తన దగ్గరికి చేర్చుకోవాల."

"ఆవిడ నీకు ఫోన్ చేసిందంటగా, అప్పుడు."

"ఊ."

"మరి నాకు ఒక్కమాటైనా చెప్పలేదేంటే అమ్మా?"

"నువ్వు చెప్పావా?"

కళ్ళు తుడుచుకున్నాను.

"ఎప్పుడు చెప్తావా అని చూస్తానే ఉండా" అంది అమ్మ. కోపం లేదు ఆ గొంతులో. అటు తిరిగి ఎవరితోనో, "నా సాలు చూడండే, ఇప్పుడే వస్తా" అని కేకేసింది. గట్టు మీద కూర్చున్నట్టుంది, "అమ్మయ్యా" అని నిట్టూర్పు వినపడింది.

"సరే, ఇప్పుడు చెప్పు. ఏందది, మైనరంటే?"

మొదటినుంచీ మొదలుపెట్టి, అమ్మకి అర్థమయ్యేలా చెప్పాను.